బెట్టలో పైరు కణం ఏం చేస్తుంది: వరి, చోడి, ప్రోలిన్

విశాఖ జిల్లా పద్మనాభం మండలంలో సొంత పొలం ఉన్న ఒక డిగ్రీ వృక్షశాస్త్ర విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. ఆగస్టులో వానలు ముఖం చాటేసినప్పుడు వారి మడిలో వరి ఆకులు పది గంటలకే చుట్టుకుపోయాయి; గట్టు అవతల గరువులో (మెట్ట నేలలో) ఉన్న చోడి (రాగి) మాత్రం నిలబడింది. అప్పుడు కణాల లోపల ఏం జరుగుతుంది? బెట్టను తట్టుకునే మొక్కల్లో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పెరుగుతుందని పాఠ్యపుస్తకంలో ఉంది కాబట్టి, ప్రోలిన్ పిచికారీ చేస్తే సరిపోతుందా?

రెండో ప్రశ్నకు జవాబు ఆమెకే నేరుగా, ముందే చెబుతాను: సరిపోదు. ఎందుకు సరిపోదో తెలియాలంటే మొదటి ప్రశ్నను పూర్తిగా విప్పి చూడాలి. బెట్టలో మొక్క బతికి బయటపడటానికి కణం చేసే పనులు వేరు, రైతు ఇంటికి గింజ రావడానికి జరగవలసిన పనులు వేరు. చాలాసార్లు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. పాఠ్యపుస్తకాలు "బెట్టను తట్టుకోవడం" అనే ఒక్క మాట కింద రెండింటినీ కలిపేయడం వల్లే ఇలాంటి సందేహాలు వస్తాయని నా అభిప్రాయం.

ముందు నీటి శక్మం (నీరు ఒక చోటి నుంచి మరో చోటికి కదలగల శక్తికి కొలత; మెగాపాస్కల్ అనే పీడన ప్రమాణంలో చెబుతారు) అంకెలు చూడండి. స్వచ్ఛమైన నీటికి అది సున్నా. నీరు ఎక్కువ శక్మం ఉన్న చోటి నుంచి తక్కువ శక్మం ఉన్న చోటికి పోతుంది. నీళ్ళు నిలిచిన మడిలో మట్టికి దాదాపు సున్నాయే ఉంటుంది. చాలా పైర్లు ఇక కోలుకోలేనంతగా వాడే స్థితిని -1.5 మెగాపాస్కల్ దగ్గర లెక్కిస్తారు. మన ఆర్కే బీచ్‌లో సముద్రపు నీటికి సుమారు -2.5 ఉంటుంది. ఇక గాలి సంగతి చూడండి: తేమ 80 శాతం ఉండి ఒళ్ళంతా జిడ్డుగా ఉక్కపోసే విశాఖ మధ్యాహ్నం కూడా గాలి నీటి శక్మం సుమారు -30 మెగాపాస్కల్, తేమ 50 శాతానికి పడితే అది -90 కూడా దాటుతుంది. అంటే మనకు ఊపిరాడనంత తేమగా అనిపించే గాలి సైతం ఆకు నుంచి నీటిని ఎంతో బలంగా లాగుతూనే ఉంటుంది. వేరు పీల్చిన నీటిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా పత్రరంధ్రాల గుండా ఆ గాలిలోకే పోతుంది. కనుక బెట్టలో మొక్క వేసే మొదటి లెక్క ఆ రంధ్రాలను ఎంత మూయాలన్నదే.

నిజానికి అంతకంటే ముందే ఒక పని ఆగిపోతుంది. ఆకు కణం పెరగాలంటే లోపలి నీరు కణకవచాన్ని బయటికి నెట్టే స్ఫీత పీడనం ఒక స్థాయికి మించి ఉండాలి. నేల ఆరడం మొదలై ఆ పీడనం కొద్దిగా తగ్గగానే, కిరణజన్య సంయోగక్రియ మామూలుగా సాగుతున్నా, కొత్త ఆకు సాగడం మందగిస్తుంది. కంటికి పైరు ఇంకా పచ్చగా, ఆరోగ్యంగానే కనిపిస్తుంది. స్కేలు పెట్టి కొలిస్తే తప్ప ఈ నష్టం తెలియదు. వేరు కొన మాత్రం ఇందుకు భిన్నంగా నడుచుకుంటుంది. ఆకు పెరుగుదల ఆగిపోయినంత పొడి పరిస్థితిలోనూ వేరు కొన లోపలి ద్రావితాలను (నీటిలో కరిగి ఉన్న పదార్థాలను) పెంచుకొని, కణకవచాన్ని సడలించుకొని కిందికి సాగుతూ ఉంటుంది. పైభాగాన్ని తగ్గించుకొని నీటి కోసం లోతుకు వెళ్ళడం మొక్క దృష్టిలో తెలివైన పనే, కాని దుక్కి కింద గట్టిపొర ఉన్న దమ్ము మడిలో వరి వేరుకు ఆ అవకాశం బాగా తక్కువ. మీ గరువులో చోడికి అలాంటి అడ్డు లేదు. రెండు పైర్ల మధ్య మీరు చూసిన తేడాలో ఒక భాగం ఇక్కడే ఉంది.

ఇప్పుడు పత్రరంధ్రాల విషయానికి వద్దాం. నీటి కొరత వార్త ఆకుకు ఎలా చేరుతుందన్న దానిపై చాలాకాలం వాదం నడిచింది. ఆరుతున్న మట్టిలో వేరు ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్‌ను తయారుచేసి దారువు (నీటిని మోసే నాళాలు) గుండా పైకి పంపుతుందని మొదట్లో గట్టిగా నమ్మారు. తరవాత ఆ ఆమ్లాన్ని తయారుచేయలేని మొక్క వేరు మీద మామూలు మొక్క పైభాగాన్ని అంటుకట్టి చూస్తే, వేరులో ఆ శక్తి లేకపోయినా పత్రరంధ్రాలు మూసుకున్నాయి. స్ఫీత పీడనం పడిపోవడాన్ని గుర్తించి ఆకు తానే ఆబ్సిసిక్ ఆమ్లాన్ని తయారుచేసుకోగలదని దీంతో తేలింది. వేరు నుంచి పైకి వచ్చి ఆకులో ఆ ఉత్పత్తిని పెంచే సీఎల్ఈ25 అనే చిన్న పెప్టైడును జపాన్ శాస్త్రజ్ఞులు 2018లో ఆరాబిడాప్సిస్ అనే, ప్రయోగాల్లో వాడే చిన్న మొక్కలో గుర్తించారు. కాబట్టి వార్త వేరు నుంచి రావచ్చు, ఆబ్సిసిక్ ఆమ్లం మాత్రం ఎక్కువగా ఆకులోనే తయారవుతుంది. బెట్ట తీవ్రమైతే నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో ఆకులో దీని గాఢత యాభై రెట్ల వరకు పెరగగలదు. ఇది తయారయ్యేది కెరోటినాయిడ్ వర్ణకాల నుంచి. హరితరేణువులో ఉండే ఆ వర్ణకపు పొడవైన అణువును ఒక ఎంజైము ముక్కలు చేయడంతో ఈ గొలుసు మొదలవుతుంది.

ఆ తరవాత, పత్రరంధ్రానికి ఇరువైపులా ఉండే రక్షక కణంలో జరిగేది నా లెక్కలో వృక్ష శరీరధర్మ శాస్త్రంలోనే అతి చక్కని ఘట్టం. మామూలు సమయంలో పిపి2సి అనే ఫాస్ఫటేజు ఎంజైములు, ఎస్ఎన్‌ఆర్‌కె2 అనే కైనేజు ఎంజైములను పని చేయనీయకుండా అణచి ఉంచుతాయి. ఆబ్సిసిక్ ఆమ్లం వచ్చి పివైఎల్ అనే గ్రాహక ప్రోటీన్‌లో ఇమిడితే, ఆ గ్రాహకం ఆకృతి మార్చుకొని పిపి2సిని పట్టుకుంటుంది. దాంతో కైనేజులు స్వేచ్ఛ పొంది, కణ త్వచంలోని స్లాక్1 అనే చానల్‌ను (అయాన్లు దాటే ద్వారాన్ని) తెరుస్తాయి. క్లోరైడు, మాలేటు వంటి రుణ అయాన్లు దాని గుండా బయటికి పోతాయి. త్వచం విద్యుత్ స్థితి మారి పొటాషియం చానళ్ళు తెరుచుకుంటాయి. పొటాషియం బయటికి పోతుంది. దాని వెనకే నీరు పోతుంది. రక్షక కణాలు సడలి మధ్య రంధ్రం మూసుకుంటుంది. ఇదంతా నిమిషాల్లో మొదలవుతుంది. ఆబ్సిసిక్ ఆమ్లాన్ని 1960ల నుంచి ఎరిగి ఉన్నా, దాని అసలు గ్రాహకం ఏదో రెండు వేర్వేరు బృందాలు తేల్చేసరికి 2009 వచ్చింది. పొటాషియం పాత్రను మాత్రం గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

రంధ్రం మూసుకుంటే నీరు మిగులుతుంది కాని కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావడం తగ్గిపోతుంది. ఎండ మాత్రం తగ్గదు. కార్బన్‌ను స్థాపించడానికి వాడవలసిన ఎలక్ట్రాన్లు పని లేక ఆక్సిజన్ మీదికి పోయి సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి చురుకైన రూపాలను పుట్టిస్తాయి. ఇవి కొద్దిగా ఉంటే సంకేతాలు. రక్షక కణాలు మూసుకోవడంలోనూ వీటికి పాత్ర ఉంది. అదుపు తప్పితే త్వచంలోని కొవ్వులను ఆక్సీకరిస్తాయి, త్వచం కారడం మొదలవుతుంది. సూపరాక్సైడ్ డిస్‌మ్యుటేజ్, కెటలేజ్, ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు వీటిని తుడిచిపెడుతూ ఉంటాయి. వీటి గురించి ప్రతి పుస్తకంలోనూ పేజీలకు పేజీలు ఉంటాయి కాబట్టి నేను ఇక్కడ ఆగను. వరి ఆకు చుట్టుకోవడం కూడా ఈ ఎండ బరువును తగ్గించుకోవడానికేనని మాత్రం చెప్పాలి. ఆకు పైతలంలో వరుసగా ఉండే పెద్ద బుల్లిఫారం కణాలు ముందుగా నీరు కోల్పోయి ముడుచుకుపోతే ఆకు గొట్టంలా చుట్టుకుంటుంది. ఎండకు ఎదురయ్యే వైశాల్యం తగ్గుతుంది, లోపలి తేమ గాలి కొంతసేపు నిలుస్తుంది. పది గంటలకు చుట్టుకున్న ఆకు సాయంత్రానికి విచ్చుకుంటే కంగారు పడవలసిన పని లేదు. తెల్లవారినా విచ్చుకోకపోతేనే రాత్రి కూడా వేరు లోటు తీర్చలేకపోయిందని అర్థం.

చోడి ఇక్కడ వరి కంటే మెరుగైన స్థితిలో ఉంటుంది. అది సి4 మొక్క. ఆకులోని మధ్య కణాలు కార్బన్ డయాక్సైడ్‌ను ముందు నాలుగు కార్బన్ల ఆమ్లంగా పట్టి, పుంజపు తొడుగు కణాల్లోకి పంపి, అక్కడ దాన్ని మళ్ళీ విడుదల చేస్తాయి. అంటే కార్బన్‌ను స్థాపించే అసలు ఎంజైము రుబిస్కో చుట్టూ కార్బన్ డయాక్సైడ్ గాఢత ఎక్కువగా ఉంటుంది. అందువల్ల పత్రరంధ్రం సగం మూసినా పని నడుస్తుంది; అదే బరువు ఎండు పదార్థం తయారుచేయడానికి వరి వంటి సి3 మొక్క కంటే చాలా తక్కువ నీరు ఖర్చవుతుంది. మీ చోడి నిలబడటానికి వేరు ఒక కారణమైతే ఇది రెండో కారణం. ప్రోలిన్ గురించి ఇంతవరకు ఎత్తవలసిన అవసరమే రాలేదని గమనించండి.

ఇక ప్రోలిన్. రంధ్రాలు మూసుకున్నాక కూడా నేల ఆరుతూనే ఉంటే, మట్టి కంటే కణం నీటి శక్మం తక్కువగా ఉంటే తప్ప నీరు లోపలికి రాదు. అందుకని కణం తన లోపల ద్రావితాల గాఢతను పెంచుకుంటుంది. ఉప్పు పట్టించిన ఆవకాయ ముక్క ఊట వదిలేది చుట్టూ ఉన్న ద్రావణం ముక్క లోపలి కంటే గాఢంగా ఉండటం వల్లే. బెట్టలో కణం తానే ఆ గాఢమైన వైపు ఉండేలా చూసుకుంటుంది. దీన్ని ద్రవాభిసరణ సర్దుబాటు అంటారు. పైర్లలో ఇది సాధారణంగా 0.2 నుంచి 0.8 మెగాపాస్కల్ వరకు ఉంటుంది. అంకె చిన్నదిగా కనిపించినా, వేరుకు అందే తడిలో చివరి భాగాన్ని పీల్చుకోవడానికి అది పనికొస్తుంది.

ఆ సర్దుబాటులో ప్రోలిన్ వాటా ఎంత? లెక్క వేద్దాం. 25 డిగ్రీల వద్ద 100 మిల్లీమోలార్ (గాఢతకు ఇది కొలత) ద్రావణం నీటి శక్మాన్ని సుమారు 0.25 మెగాపాస్కల్ తగ్గిస్తుంది. బెట్ట తగిలిన ఒక ఆకులో ప్రోలిన్ మొత్తం మీద 10 మిల్లీమోలార్‌కు చేరిందనుకోండి. మామూలు ఆకులో అది ఒకటి కూడా ఉండదు కాబట్టి మీ పుస్తకం భాషలో అది "పది రెట్లకు పైగా పెరుగుదల". కాని ఆకు మొత్తానికి పంచితే అది ఇచ్చేది 0.025 మెగాపాస్కల్ మాత్రమే, అంటే లెక్కలోకి రానంత. ఇక్కడే మరో సంగతి ఉంది. ఎదిగిన కణంలో నూటికి ఎనభై, తొంభై పాళ్ళు రిక్తికే (కణం లోపల నీరు, ద్రావితాలు నిండిన సంచి) ఆక్రమిస్తుంది. అందులో పొటాషియం, క్లోరైడు, కర్బన ఆమ్లాలు, చక్కెరలు ఉంటాయి. ప్రోలిన్ ఎక్కువగా మిగిలిన పదో వంతు కణద్రవ్యంలో చేరితే అక్కడి గాఢత 100 మిల్లీమోలార్ అవుతుంది, అదే 0.25 మెగాపాస్కల్. రిక్తిక ఒకవైపు గాఢమవుతుంటే కణద్రవ్యం తన నీటిని దానికి పోగొట్టుకోకుండా సమంగా నిలబడటానికి ఇది సాయపడుతుంది. ఎంజైములు పనిచేసే చోట పొటాషియం, సోడియం మితి మీరి పేరుకుంటే అవి దెబ్బతింటాయి. ప్రోలిన్ ఎంత చేరినా ప్రోటీన్ల ఆకృతికి హాని చేయదు. కాబట్టి దాని పాత్ర చిన్నదే గాని అనవసరమైనది కాదు. మొక్కజొన్న వేరు కొన మొదటి మిల్లీమీటరులో, రిక్తికలు ఇంకా చిన్నవిగా ఉన్న చోట, మొత్తం సర్దుబాటులో దాదాపు సగం వాటా ప్రోలిన్‌దేనని కొలిచారు. ఎదిగిన ఆకుకు ఆ మాట వర్తించదు.

ఈ చర్చలో మన తెలుగు నేల శాస్త్రజ్ఞుడి పేరు కూడా ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన పి.బి. కవి కిశోర్ అమెరికాలోని సహచరులతో కలిసి, ప్రోలిన్ తయారీలో కీలకమైన పి5సిఎస్ జన్యువును మోత్ బీన్ అనే పప్పుజాతి మొక్క నుంచి తీసి పొగాకులో చొప్పించి, ఆ మొక్కల్లో ప్రోలిన్ 10 నుంచి 18 రెట్లు పెరిగిందని, అవి బెట్టను మెరుగ్గా తట్టుకున్నాయని 1995లో ప్రకటించారు. మరుసటి ఏడాదే ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు, అంత ప్రోలిన్ ఉన్నా నీటి శక్మంలో రావలసిన తేడా ఆ అంకెల్లో కనబడటం లేదని, ఫలితాన్ని ద్రవాభిసరణ సర్దుబాటుగా చదవడం సరి కాదని అభ్యంతరం చెప్పారు. నాకు ఇద్దరి మాటా కొంత కొంత నిజమనే తోస్తుంది. ప్రోలిన్ త్వచాలకు, ఎంజైములకు రక్షణ ఇవ్వవచ్చు. వాన పడ్డాక మైటోకాండ్రియాలో దాన్ని విడగొట్టుకుని కణం శక్తినీ, నత్రజనినీ తిరిగి రాబట్టుకుంటుంది. కాని ఆకులో ప్రోలిన్ ఎక్కువగా ఉందంటే ఆ రకం బెట్టను బాగా తట్టుకుంటోందని అర్థం కావచ్చు, లేదా ఎక్కువ దెబ్బ తిన్నదనీ కావచ్చు. ఒకే నేలలో రెండు రకాలను పెంచితే ముందుగా నీరు కోల్పోయిన రకంలోనే ప్రోలిన్ ఎక్కువ కనిపించడం మామూలే. ప్రోలిన్ ఒక్కదాన్ని కొలిచి రకాలకు ర్యాంకులు వేసే ప్రాజెక్టు నివేదికలను నేను అందుకే అనుమానంగా చూస్తాను.

పొటాషియం సంగతి ఇప్పుడు చెప్పవచ్చు. సర్దుబాటుకు మొక్కకు అతి చవకగా దొరికే ద్రావితం అదే. ప్రోలిన్ తయారుచేయడానికి కార్బన్, నత్రజని, శక్తి ఖర్చు కావాలి, పొటాషియాన్ని మట్టి నుంచి లోపలికి పంపు చేసుకుంటే చాలు. పైన చెప్పినట్టు రక్షక కణాలు తెరుచుకోవడానికీ, మూసుకోవడానికీ కావలసిందీ అదే. పొటాష్ లోపం ఉన్న పైరులో ఈ రంధ్రాలు మందకొడిగా స్పందిస్తాయి. మన ప్రాంతంలో రైతులు యూరియా మీద పెట్టినంత శ్రద్ధ పొటాష్ మీద పెట్టరు. బెట్ట పరిస్థితుల్లో లీటరు నీటికి పది గ్రాముల పొటాషియం నైట్రేట్ పిచికారీ చేయమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పడం వెనక ఈ శరీరధర్మమే ఉంది. అదైనా మట్టిలో కొంత తడి ఉన్నప్పుడు చేయవలసిన పని. ప్రోలిన్ కోసం పెట్టే డబ్బు పొటాష్ మీద పెట్టమని మీ నాన్నగారికి చెప్పండి.

ఇంకో షరతు. ద్రవాభిసరణ సర్దుబాటుకు సమయం కావాలి. నేల నెమ్మదిగా ఆరితే కణం రోజుల తరబడి ద్రావితాలను పోగుచేసుకుంటుంది. భీమిలి వైపు ఎర్ర ఇసుక నేలల్లో, కుండీల్లో, తడి త్వరగా అయిపోయి ఆ వ్యవధి దొరకదు. అందుకే కుండీ ప్రయోగంలో ఓడిపోయిన రకం పొలంలో నెగ్గవచ్చు.

కణం నీరు మరీ ఎక్కువగా కోల్పోయినప్పుడు ఎల్ఈఏ అనే ప్రోటీన్లు, రాఫినోజ్ వంటి చక్కెరలు త్వచాలను, ప్రోటీన్లను అంటిపెట్టుకొని అవి గడ్డకట్టకుండా చూస్తాయి. ఎల్ఈఏ ప్రోటీన్లను మొదట పత్తి విత్తనాల్లో గుర్తించారు. చోడి గింజ ఎండి నెలల తరబడి గాదెలో ఉండి కూడా మొలకెత్తేది ఇలాంటి ఏర్పాట్ల వల్లనే. అదే జన్యువులు చోడి ఆకులోనూ ఉన్నాయి, కాని ఆకు ఆ స్థాయి ఎండుదలను తట్టుకోలేదు. జన్యువు ఉండటం ఒక ఎత్తు, అది ఏ కణజాలంలో ఎంత పలుకుతుందన్నది మరో ఎత్తు.

ఇప్పటివరకు చెప్పినదంతా మొక్క బతకడం గురించి. గింజ సంగతి వేరు. వరి పొట్ట దశలో, పరాగకోశాల లోపల పుప్పొడికి దారితీసే క్షయకరణ విభజన జరిగే ఆ కొద్ది రోజుల్లో బెట్ట తగిలితే, ఆకులు తరవాత ఎంత బాగా కోలుకున్నా వెన్నులో తాలు గింజలు మిగులుతాయి. దీనికి కారణం పుప్పొడి ఎండిపోవడమే అనుకుంటారు; గోధుమలో కొలిచి చూస్తే, పతాక పత్రం (వెన్నుకు దగ్గరగా ఉండే చివరి ఆకు) బాగా వాడిన సమయంలో కూడా పూభాగాల నీటి స్థితి పెద్దగా మారలేదు. దెబ్బతిన్నది చక్కెర సరఫరా. పరాగకోశంలో సుక్రోజును విడగొట్టే ఇన్వర్టేజ్ ఎంజైము తగ్గిపోతుంది, ఎదుగుతున్న పుప్పొడి రేణువుకు గ్లూకోజు అందదు, అందులో పిండి పదార్థం చేరదు. వీటికి తోడు వెన్ను కాడలోని కణాలు సాగక వెన్ను పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు. ఆకును కాపాడిన ఆబ్సిసిక్ ఆమ్లమే పరాగకోశంలో పేరుకుంటే ఈ వంధ్యత్వానికి తోడ్పడుతుంది. మొక్క తన ప్రాణం నిలుపుకోవడానికి గింజల సంఖ్యను తగ్గించుకుంటుంది. అడవి మొక్కకు నాలుగు గింజలు మిగిలినా చాలు, రైతుకు చాలదు. చెరువులో ఒక్క తడికి సరిపడా నీరే మిగిలితే దాన్ని పిలకల దశలో చుట్టుకున్న ఆకులను చూసి ఖర్చు చేయకుండా, వీలున్నంత వరకు పొట్ట దశకు ఆపమని చెప్పేది ఇందుకే.

మీరు ప్రాజెక్టు చేయదలిస్తే ప్రోలిన్ ఒక్కటే కాకుండా ఈ మూడూ కలిపి చేయండి. మొదటిది, ఆకుల్లో సాపేక్ష నీటి శాతం. కోసిన వెంటనే ఆకు బిళ్ళలను తూచి, స్వేదన జలంలో నాలుగు గంటలు తేల్చి, పైతడి అద్ది మళ్ళీ తూచి, తరవాత 80 డిగ్రీల వద్ద పూర్తిగా ఎండబెట్టి మూడోసారి తూచాలి. తాజా బరువులోంచి ఎండు బరువు తీసివేసి, నీరు నిండిన బరువులోంచి ఎండు బరువు తీసివేసిన దానితో భాగించి నూటితో గుణించాలి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, వరిలోనూ చోడిలోనూ తీయండి. రెండోది, పుప్పొడి పరీక్ష: పూతకు వచ్చిన వరి పరాగకోశాన్ని అయోడిన్-పొటాషియం అయొడైడ్ చుక్కలో నలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే, పిండి నిండిన రేణువులు నల్లటి నీలంగా, గుండ్రంగా కనిపిస్తాయి, బెట్ట తగిలిన వెన్నులో పాలిపోయి ముడుచుకున్నవి ఎన్నో లెక్కించండి. మూడోది ప్రోలిన్. 1973 నాటి బేట్స్ పద్ధతిలో సల్ఫోసాలిసిలిక్ ఆమ్లంతో రుబ్బి, నిన్‌హైడ్రిన్ కలిపి, టోలుయీన్‌లోకి వచ్చిన ఎర్రరంగును 520 నానోమీటర్ల వద్ద కొలవండి. టోలుయీన్ పనిని ఫ్యూమ్ హుడ్ కిందే చేయాలి. ఫలితాన్ని తాజా బరువుకు కాక ఎండు బరువుకు రాయండి. వాడిన ఆకులో నీరే తగ్గిపోయి ఉంటుంది కనుక తాజా బరువుకు లెక్కవేస్తే కొత్త ప్రోలిన్ ఒక్క అణువు తయారు కాకపోయినా పెరిగినట్టు కనబడుతుంది. మూడు అంకెలనూ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి, నీటి శాతం సమానంగా ఉన్న రోజున వరిలో ఎంత ప్రోలిన్ ఉందో, చోడిలో ఎంత ఉందో పోల్చండి.